రైలీకి పట్టుకున్నది బెంగ
(‘ఇన్‌సైడ్ అవుట్’ బొమ్మల సినిమాపై ఒక పరిశీలన)

మన సంఘం సమావేశాల్లో పిల్లల ప్రసక్తి వచ్చినప్పుడల్లా రెండు ఫిర్యాదులు వినబడుతూంటాయి. పిల్లలకు తెలుగు రావటం లేదన్నది ఒకటి. పిల్లలు మనసులో మాట మనతో చెప్పటం లేదన్నది రెండోది. మొదటిదానికి ఆదివారం బడి పెట్టుకున్నాం. రెండోదానికి ఇంతవరకు ఏ మందూ వెయ్యలేదు. వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం కనుక మాకు ఒక అలవాటు ఉంది. ఒకే మనిషిలో రెండు లక్షణాలు కలిసి కనిపిస్తే, జబ్బు ఒకటేనేమోనని ముందు అనుమానిస్తాం. ఇక్కడా అదే అనుమానం కలిగింది. దాన్ని ఒక బొమ్మల సినిమా మీద పెట్టి పరీక్షించదలిచాం.

సినిమా పేరు ‘ఇన్‌సైడ్ అవుట్’. 2015లో పిక్సార్ సంస్థ తీసింది. దర్శకుడు పీట్ డాక్టర్ (ఇంటిపేరు మాత్రమే డాక్టరు!). మరుసటి ఏడు ఉత్తమ బొమ్మల చిత్రంగా ఆస్కార్ బహుమతి అందుకుంది. మన ఇళ్ళల్లో పిల్లలు దీన్ని పదేసిసార్లు చూసి ఉంటారు. పెద్దలు మాత్రం “పిల్లల సినిమా గదా” అని టీ.వీ. పెట్టేసి వంటింట్లోకో, లాప్‌టాప్ ముందుకో వెళ్ళిపోయి ఉంటారు. కాని ఇది పెద్దలు కూర్చుని చూడవలసిన సినిమా. ఊరు వదిలి వచ్చిన మనబోటివాళ్ళు మరీ చూడవలసిన సినిమా. దీని కథే ఊరు మారటం గురించి.

రైలీ అనే పదకొండేళ్ళ పిల్ల మిన్నెసోటాలో పుట్టి పెరిగింది. తండ్రి పని కోసం కుటుంబం శాన్‌ఫ్రాన్సిస్కోకు మారుతుంది. సామాన్ల లారీ వేళకు రాదు. ఇల్లు ఇరుకు, మూల చచ్చిన ఎలుక. చివరికి పిజ్జా మీద కూడా బ్రోకలీ వేసి ఇస్తారు. (జపానులో ఈ సినిమా ఆడినప్పుడు బ్రోకలీ తీసేసి క్యాప్సికం బొమ్మ పెట్టారు. అక్కడి పిల్లలు ముఖం చిట్లించేది దాన్ని చూసి. అసహ్యం అందరికీ ఒకటే. అసహ్యించుకునే కూర దేశాన్ని బట్టి మారుతుంది. మన పిల్లలకైతే కాకరకాయ పెట్టవలసింది.) ఈ కథలో సగం బయట జరుగుతుంది, సగం పిల్ల తల లోపల జరుగుతుంది. అక్కడ ఆనందం, విషాదం, కోపం, భయం, అసహ్యం అనే అయిదుగురు ఒక మీటల బల్ల ముందు నిలబడి, నేనంటే నేనని పిల్లను నడిపిస్తూంటారు. ఆనందం పసుపుపచ్చ, విషాదం నీలం. పెత్తనమంతా ఆనందానిదే.

ఈ అయిదుగురు ఎక్కడినుంచి వచ్చారు? సినిమాకు సలహాదారులుగా ఉన్నవారిలో పాల్ ఎక్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒకరు. ఆయన 1960ల చివర పాపువా న్యూగినీలోని ఫోరే తెగవారి దగ్గరకు ముఖాల ఫోటోలు పట్టుకువెళ్ళి, కోపం, భయం వంటి కొన్ని భావాల ముఖకవళికలు మనుషులందరికీ ఒకటేనని ప్రతిపాదించారు. ఆయన చెప్పిన ఆరింటిలో ఆశ్చర్యాన్ని వదిలి మిగతా అయిదింటిని సినిమావారు తీసుకున్నారు. నాట్యశాస్త్రం సంగతి తెలిసిన మన పాఠకులకు ఇక్కడ ఒక పాత పరిచయం తగులుతుంది. భరతుడు చెప్పిన స్థాయీభావాలు ఎనిమిది: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. శోకం, క్రోధం, భయం, జుగుప్స నలుగురూ పిక్సార్ వారి బల్ల దగ్గర నిలబడే ఉన్నారు. హాసం, ఆనందం దగ్గరి చుట్టాలు. అయితే “మనవాళ్ళు అంతా ముందే చెప్పారు” అని చంకలు కొట్టుకోవటానికి ఈ పోలిక తేలేదు. భరతుడు చూసింది రంగస్థలాన్ని, ఎక్మన్ చూసింది ముఖాలను. భావాలు పుట్టుకతోనే వస్తాయన్న వాదాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. లిసా ఫెల్డ్‌మన్ బారెట్ 2017లో ప్రచురించిన పుస్తకంలో, మనకు కలిగే భావాన్ని మనకున్న మాటలూ, మన సంస్కృతీ కూడా మలుస్తాయని వాదించారు. ఆ వాదంలో సగమే నిజమనుకున్నా, ఇంట్లో పిల్లలకు ఏ మాటలు ఇస్తున్నామన్నది చిన్న సంగతి కాదు.

సినిమాలో మూడు ఘట్టాలు మాకు ముఖ్యంగా కనిపించాయి.

మొదటిది తల్లి మాట. ఊరు మారిన కొత్తల్లో తల్లి రాత్రి పిల్ల పక్కన కూర్చుని, ఇన్ని ఇబ్బందుల్లోనూ నువ్వు నవ్వుతూనే ఉన్నావని మెచ్చుకుంటుంది. నాన్న ఒత్తిడిలో ఉన్నాడు, మనం నవ్వుతూ ఉంటే ఆయనకు సాయమని చెప్తుంది. కసరలేదు, కొట్టలేదు. ఎంతో ప్రేమగా చెప్పిన మాట. ఆ మాటతోనే పిల్ల నోరు మూతపడింది. మర్నాడు తల లోపల ఆనందం సుద్దముక్కతో నేలమీద గుండ్రంగా గీత గీసి, విషాదాన్ని అందులో నిలబెట్టి, అది దాటి రావద్దంటుంది. “మా పిల్ల బంగారం, ఎప్పుడూ ఏడవదు” అని పిల్ల వింటూండగా చుట్టాలతో చెప్పుకునే ప్రతి తల్లీ తండ్రీ అటువంటి గీత ఒకటి గీస్తున్నట్టే.

రెండోది బింగ్‌బాంగ్ ఘట్టం. రైలీ చిన్ననాడు ఊహించుకున్న ఏనుగులాంటి నేస్తం ఇది. దాని ఆటబండి పోతుంది. కూలబడి ఏడుస్తుంది. ఆనందం వచ్చి చక్కిలిగింతలు పెడుతుంది, వింత ముఖాలు పెడుతుంది, “పద పద” అంటుంది. ఏదీ పని చెయ్యదు. అప్పుడు విషాదం నెమ్మదిగా పక్కన చేరి, నీకు ఇష్టమైనది పోయింది గదా అని, అది చెప్పేదంతా వింటుంది. బింగ్‌బాంగ్ తనివితీరా ఏడ్చి, లేచి నడుస్తుంది. రెండు నిమిషాలు కూడా లేని ఈ ఘట్టం పిల్లల్ని పెంచటం గురించిన లావుపాటి పుస్తకాలకు సమానం. జాన్ గాట్‌మన్ 1990ల్లో తల్లిదండ్రుల తీరులను వర్గీకరిస్తూ వ్రాసినదానిలో, పిల్లల బాధను తేలిక చేసి దారి మళ్ళించేవారు ఒక రకం, బాధను గుర్తించి పేరుపెట్టి పక్కన నిలబడేవారు మరొక రకం. సినిమాలో ఆనందం మొదటి రకం, విషాదం రెండో రకం.

మూడోది చివరి ఘట్టం. ఇల్లు వదిలి బస్సెక్కిన పిల్ల దిగి తిరిగి వస్తుంది. మిన్నెసోటా గుర్తొస్తోందనీ, తను నవ్వుతూ ఉండలేననీ ఏడుస్తూ చెప్తుంది. అప్పుడు తండ్రి “ఇక్కడ మాత్రం ఏం తక్కువ?” అనడు. అక్కడివి తనకేమేమి గుర్తొస్తున్నాయో తనూ చెప్తాడు. ముగ్గురూ కావిలించుకుంటారు. ఆ క్షణాన పుట్టిన జ్ఞాపకానికి నీలం, పసుపు రెండు రంగులూ కలిసి ఉంటాయి. శాస్త్రం దృష్టితోనూ ఇది సరైన లెక్కే. ఒకే సంగతి మీద రెండు విరుద్ధ భావాలు ఒకేసారి కలగవచ్చునని పిల్లలకు బోధపడేది సుమారు 10 ఏళ్ళ ప్రాంతంలోనే.

ఇక లోపాలు. రైలీకి వచ్చినదాన్ని సినిమా విషాదం అంటుంది. మన అమ్మమ్మల్లో ఎవరైనా ఆ పిల్లను చూస్తే పది నిమిషాల్లో తేల్చేవారు: “పిల్ల బెంగ పెట్టుకుందే!” అని. పోయినవాళ్ళ కోసం ఏడ్చేది దుఃఖం. ఇదీ అని చెప్పలేకుండా కమ్ముకునేది దిగులు. నలుగురిలో మాట పడితే చిన్నబుచ్చుకోవటం. చేతకాని కోపం కంటతడిగా మారితే ఉక్రోషం. అలవాటైన మనిషో, ఇల్లో, ఊరో కంటికి కనిపించక, తిండి సయించకుండా లోపల్నించి లాగేది బెంగ. సినిమాలో వీటన్నిటికీ కలిపి నీలంరంగు బొమ్మ ఒక్కటే. ఇంగ్లీషులో హోమ్‌సిక్ అన్న మాట ఉందంటారేమో. అది ఇంటికే కట్టుబడినది, అమ్మమ్మ మీద పెట్టుకున్న బెంగకు చాలదు. బెంగ అనటంలో ఇంకో సుగుణం ఉంది. ప్రేమ ఉన్నచోటే అది పుడుతుందని ఆ మాట విన్నవాళ్ళందరికీ తెలుసు. కనుక బెంగ పెట్టుకున్న పిల్లను ఎవరూ తప్పు పట్టరు.

రెండో లోపం ఆ మీటల బల్ల. కోపం మీట నొక్కితే పిల్ల అరుస్తుంది, భయం నొక్కితే పారిపోతుంది. మరి పిల్ల ఎక్కడ ఉంది? నాలుగేళ్ళవాడు చెల్లెల్ని కొట్టి, “నేను కాదు, నా కోపం కొట్టింది” అంటే ఈ సినిమా ప్రకారం తప్పు పట్టలేం. హైమ్ గినాట్ అనే మనస్తత్వ వైద్యుడు 1965లోనే తన పుస్తకంలో ఈ చిక్కు విప్పారు. భావాలన్నిటినీ ఒప్పుకోవచ్చు, పనులన్నిటినీ ఒప్పుకోనక్కరలేదు. కోపం రావచ్చు, కొట్టకూడదు. ఈ రెండో సగం సినిమాలో పలచబడింది.

మూడోది, సినిమాలో సిగ్గు లేదు. (హాస్యానికి అనటం లేదు.) “నలుగురూ ఏమనుకుంటారు” అన్న మాటమీద నడిచే మన ఇళ్ళల్లో పిల్లల మనసును అన్నిటికన్నా ఎక్కువ శాసించేది సిగ్గూ, పరువూను. 2024లో వచ్చిన రెండో భాగంలో, రైలీకి 13 ఏళ్ళు వచ్చాక, ఆందోళన, అసూయ, విసుగులతో పాటు సిగ్గు కూడా ప్రవేశించింది. మన పిల్లలకు అది అంతకన్నా చాలా ముందే ప్రవేశిస్తుంది.

సినిమాను ఇంతగా విమర్శించాం కనుక మన ఇంటి సంగతీ చూడాలి. ఇన్ని మాటలున్న భాష మనది. వాటిని పిల్లల దగ్గర ఎట్లా వాడుతున్నాం? గమనించి చూడండి. “వీడు బెంగ పెట్టుకున్నాడు” అని పిల్లవాడి నెత్తిమీదుగా పక్కవాళ్ళతో చెప్తాం. “నీకు బెంగగా ఉందా, నాన్నా?” అని వాడినే అడగటం అరుదు. వాడితో అనేవి వేరే మాటలు: “ఊరుకో”, “మగపిల్లాడివి, ఏడుస్తావా?”, “బూచాడికిచ్చేస్తా”. మా వృత్తిని కూడా ఇందులోకి లాగారు. “అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తా” అన్న మాట విని వచ్చిన పిల్లవాడి గుండె స్టెతస్కోపుతో వినటం ఎంత కష్టమో మాకు తెలుసు!

అలక సంగతే తీసుకోండి. అలకకు మనం చేసినంత మర్యాద బహుశా ఎవరూ చేసి ఉండరు. సత్యభామ అలక చుట్టూ నంది తిమ్మన పారిజాతాపహరణం నడిపాడు. కూచిపూడివారు భామాకలాపం ఆడారు. పెళ్ళిలో వరుడికి ఏకంగా అలకపాన్పు వేసి, అత్తమామలు బతిమాలి కానుకలిచ్చి లేవదీస్తారు. ముప్పై ఏళ్ళ అల్లుడు అలిగితే ముచ్చట. నాలుగేళ్ళవాడు అలిగితే మొండితనం! అలక అంటే “నన్ను బతిమాలండి, నేను మీకు కావాలని చెప్పండి” అన్న విన్నపం. అది తెలిసే పెళ్ళిలో వేడుక చేశారు. పిల్లవాడి విషయంలో మాత్రం మరిచిపోతాం.

ఈ దేశంలో మన ఇళ్ళల్లో ఏటా జరిగే ఒక సంగతి ఉంది. అమ్మమ్మో, నాయనమ్మో ఆరు నెలలకు వస్తారు. పిల్లవాడికి అన్నం తినిపించటం, పక్కలో వేసుకుని కథ చెప్పటం అన్నీ వాళ్ళే. ఆరు నెలలు తిరిగేసరికి ప్రయాణం. పిల్లవాడు నిద్రపోతుండగా ఎయిర్‌పోర్టుకు తీసుకువెళ్తారు. లేచి అడిగితే “షాపుకు వెళ్ళింది, వస్తుంది” అంటారు. పిల్లవాడు తలుపు వైపు చూస్తాడు. నాలుగు రోజులకు అన్నం మానేస్తాడు, రాత్రిళ్ళు లేస్తాడు, పొద్దున్నే స్కూలుకు వెళ్ళేవేళ కడుపునొప్పి అంటాడు. అప్పుడు మా దగ్గరకు తీసుకువస్తారు.

ఆ కడుపునొప్పి అబద్ధం కాదు. కడుపు మండటం, గుండె జారటం, కడుపు తరుక్కుపోవటం, ముఖం చిన్నబోవటం అంటూ మన భాష భావాలను ఒంట్లోనే పెట్టి చెప్తుంది. పిల్లల ఒళ్ళూ అంతే. పేగులకూ మెదడుకూ నరాల సంబంధం ఉంది. ఆందోళన నిజమైన నొప్పినే పుట్టిస్తుంది. (జ్వరం, వాంతులు, బరువు తగ్గటం, నిద్రలో నొప్పితో లేవటం వంటివి ఉంటే మాత్రం బెంగ అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి. దిగులు రెండు వారాలు దాటి, ఆటపాటలమీద కూడా ధ్యాస లేకుండా చేస్తే అదీ చూపించవలసిందే.) మేము మెడిసిన్ చదివిన రోజుల్లో పిల్లల వార్డు అంటే విరేచనాలు, న్యుమోనియా, రక్తహీనత. పిల్లవాడి బెంగ గురించి చెప్పినవారు లేరు. వార్డు బయట బెంచీమీద కూర్చున్న ముసలమ్మలకు ఆ సంగతి మాకన్నా బాగా తెలుసు.

“షాపుకు వెళ్ళింది” అన్న అబద్ధం వెనక నిర్దయ ఏమీ లేదు. ఆ తల్లి కూడా అదే రోజున స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చి ఉంటుంది. రైలీ తల్లిలాగే అందరి ముందూ నవ్వుతూ ఉంటుంది. కాని పిల్లవాడు నేర్చుకునేది రెండు పాఠాలు: పెద్దవాళ్ళు చెప్పకుండా మాయమవుతారు, ఆ బాధను ఇంట్లో ఎవరూ పైకి అనరు. పన్నెండేళ్ళ తరువాత అదే పిల్లవాడు గది తలుపు వేసుకుంటే, మనసులో మాట చెప్పటం లేదని సంఘంలో ఫిర్యాదు చేస్తాం.

పేరు పెట్టినంత మాత్రాన బాధ తగ్గుతుందా అని అడగవచ్చు. 2007లో మాథ్యూ లీబర్‌మన్, ఆయన సహచరులూ ప్రచురించిన ప్రయోగంలో, కోపంగానో భయంగానో ఉన్న ముఖాలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు, మెదడులో అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గటం కనిపించింది. అది పెద్దవాళ్ళమీద చేసినది, దాన్నుంచి అతిగా తీయకూడదు. అయినా రోగికి జబ్బు పేరు చెప్పగానే ముఖం కొంత తేటపడటం వైద్యులందరికీ అనుభవమే.

మందు ఒకటే అయినా మోతాదు వయసును బట్టి ఉంటుంది. ఏడాదిన్నర పిల్లకు “అదిగో కాకి, ఇదిగో చందమామ” అని దారి మళ్ళించటంలో తప్పు లేదు. ఆ వయసుకు అదే సరైన మందు. మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి చందమామ చాలదు, మాట కావాలి. ఆ వయసుకు ఈ సినిమా కూడా ఎక్కువే. రంగులు చూస్తారు గాని భావం అందదు. వాళ్ళకు మారిస్ సెండాక్ 1963లో వేసి వ్రాసిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ పుస్తకం ఇవ్వమని మా సలహా. మాక్స్ అల్లరి చేస్తే తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపుతుంది. వాడు కోపంతో భూతాల దీవికి వెళ్ళి, వాటికి రాజై, చివరికి ఇల్లు గుర్తొచ్చి తిరిగి వస్తాడు. వచ్చేసరికి గదిలో అన్నం ఉంది, ఇంకా వేడిగానే ఉంది. హద్దు పెట్టిన అమ్మే అన్నమూ పెట్టింది. గినాట్ చెప్పిన రెండు సగాలూ కలిసి ఉన్న పుస్తకం ఇది.

మనకు అటువంటిది లేదా? ముళ్ళపూడి వెంకటరమణ వ్రాయగా బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’ ఉంది. పిల్లవాడు తన కోపాన్నీ, అనుమానాన్నీ, పెద్దవాళ్ళమీద తన అభిప్రాయాన్నీ తన నోటితో చెప్పుకున్న పుస్తకాలు తెలుగులో అంతకన్నా గొప్పవి మేము చదవలేదు. చిక్కేమిటంటే దాన్ని మనం పెద్దవాళ్ళ హాస్యంగా చదువుకుని నవ్వి మూసేశాం. ఈసారి చదివేటప్పుడు బుడుగు ఎక్కడెక్కడ చిన్నబుచ్చుకున్నాడో చూస్తూ చదవండి.

ఆదివారం బడి నడిపేవారికి మా మనవి ఒకటే. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు చెప్పండి. ఆవు ఈ ఊళ్ళో పిల్లలకు తరచు కనబడదు. బెంగ, ఉక్రోషం, అలక, బెరుకు, దిగులు రోజూ కనబడతాయి. బ అంటే బెంగ అని కూడా చెప్పండి. అమ్మమ్మ వెళ్ళేనాడు పిల్లవాణ్ణి నిద్ర లేపి ఎయిర్‌పోర్టుకు తీసుకువెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో “నాకూ బెంగగానే ఉందిరా” అని చెప్పండి. రైలీ తండ్రి సినిమా చివర చేసిన పని అంతకన్నా ఏమీ లేదు.

ఈ మాటలు ప్రాంతాన్ని బట్టి మారతాయని మాకు తెలుసు. తెలంగాణ మిత్రులు రంది అంటారు, బుగులు అంటారు. సభ్యులు తమ ఇళ్ళల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ పిల్లల మనసు గురించి వాడిన మాటలు గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కదానికి ఒక వాక్యం అర్థంతో సంపాదకులకు వ్రాసి పంపగోరుతున్నాం. ఒక సంచికకు సరిపడా పోగైతే ఆదివారం బడి పిల్లలకు పంచవచ్చు. బొమ్మలు పిల్లలే వేస్తారు.